బిడ్డకు లోపం ఉందన్నారు, ఇప్పుడెటు వెళ్ళాలి?

మా బాబు ఫైలు రెండు కిలోలు తూగింది. ఊరికే సరదాకి ఒకసారి కూరగాయల తక్కెట్లో పెట్టి చూశాను. అందులో ఎంఆర్‌ఐ ఫిల్ములున్నాయి, ముగ్గురు న్యూరాలజిస్టులు రాసిన చీటీలున్నాయి, రెండు నగరాల్లో చేయించిన థెరపీల రసీదులున్నాయి, ఒక తాయెత్తు మడిచిచ్చిన కాగితం కూడా ఉంది. పదో నెల వచ్చినా వాడు కూర్చోకపోతే మా అత్తగారు "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడమ్మా" అన్నారు. నమ్మితే ప్రాణానికి హాయిగా ఉండే మాట అది, నేనూ నమ్మాను. ఏడాది దాటాక సెరిబ్రల్ పాల్సీ అని తేలింది, అంటే ఎదిగే మెదడుకు దెబ్బ తగిలి కూర్చోవడం, నడవడం లాంటి కదలికలు దెబ్బతినే లోపం. డాక్టర్లు, తల్లులు అందరూ సీపీ అంటారు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఎవరు ఏ ఊరి పేరు చెబితే ఆ ఊరికి బస్సెక్కాం.

ఇప్పుడు నాకే ఫోన్లు వస్తుంటాయి. "అక్కా, ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?" అని. నేను ఆసుపత్రి పేరు చెప్పే ముందు సమస్య ఏంటో, బిడ్డకు ఎన్నో నెలో అడుగుతాను. కొన్ని లోపాలకు గడువుంది. ఆ వారాలు, ఆ నెలలు దాటిపోతే తర్వాత లక్షలు పోసినా జరగాల్సిన మేలు జరగదు. కొన్నిటికి అలాంటి గడువు ఉండదు, ఏళ్ళ తరబడి రోజూ చేసే చిన్న పని కావాలి. రెండో రకం జబ్బుకు మొదటి రకం పరుగు పెట్టి మేం అప్పులపాలయ్యాం. మాకు తెలిసిన ఇంకో కుటుంబం సరిగ్గా దీనికి తలకిందులుగా చేసింది. పాపకు వినపడటం లేదేమోనని అనుమానం వచ్చినా, వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తూ మూడేళ్ళు కూర్చున్నారు. మా పొరపాటుకు డబ్బు పోయింది. వాళ్ళ పొరపాటుకు పాప మాటలు పోయాయి.

ముందు గడువున్నవి చూసుకోండి

అన్నిటికంటే చవకైనది, ఎక్కువమంది వదిలేసేది థైరాయిడ్ పరీక్ష. పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య మడమ దగ్గర సూదితో గుచ్చి రెండు మూడు రక్తపు చుక్కలు తీస్తారు. మన దేశంలో దాదాపు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయదు. పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలియదు, బిడ్డ బొద్దుగా, నెమ్మదిగా, ఎక్కువగా నిద్రపోతూ ఉంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో, ఏడవనే ఏడవదు" అని మురిసిపోతాం. రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే ఆ పిల్లలు మామూలుగా ఎదుగుతారు. నెలలు గడిస్తే మెదడు ఎదుగుదల ఆగిపోతుంది, దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. ప్రైవేటు ల్యాబులు యాభై జబ్బులకు ఒకే ప్యాకేజీ అంటూ పెద్ద జాబితా చూపిస్తాయి. డబ్బు ఇబ్బందిగా ఉంటే థైరాయిడ్ ఒక్కటైనా చేయించండి. మేనరికం పెళ్ళి అయినా, ఇంతకుముందు ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోయినా ఆ పెద్ద ప్యాకేజీకి ఖర్చు పెట్టడంలో అర్థముంది.

రెండోది కళ్ళు. నెలలు నిండకుండా పుట్టి, అద్దాల పెట్టెలో పెట్టిన పిల్లల గురించి ఇది. 34 వారాలలోపు పుట్టినా, బరువు 2 కిలోలలోపు ఉన్నా, నెల తిరిగేలోగా రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాలకు ముందే పుట్టినవాళ్ళకూ, 1,200 గ్రాములలోపు ఉన్నవాళ్ళకూ రెండు మూడు వారాలకే చూడాలి. కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా అల్లుకోకముందే బిడ్డ బయటికొచ్చేసింది, ఆపైన ఆక్సిజన్ పెట్టారు. ఆ నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి పొరను లాగేస్తాయి. సమయానికి చూస్తే లేజర్‌తో ఆపొచ్చు. ఇక్కడ మామూలు కళ్ళ డాక్టరు చాలడు, రెటీనా డాక్టరే చూడాలి. పైకి కళ్ళు మిలమిలలాడుతూ ఉంటాయి కాబట్టి "కళ్ళు బాగానే ఉన్నాయి, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే వినొద్దు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి అనుభవమున్న డాక్టర్లున్నారు. హైదరాబాద్ దాకా వెళ్ళలేకపోతే విజయవాడలో, విశాఖపట్నంలో వాళ్ళ శాఖలున్నాయి. డిశ్చార్జి రోజునే "కళ్ళ పరీక్ష ఎప్పుడు?" అని అడిగి, చీటీ మీద తేదీ రాయించుకోండి.

వినికిడికి డాక్టర్లు ఒకటి, మూడు, ఆరు అని లెక్క చెబుతారు. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు లోపం ఉందో లేదో తేల్చడం, ఆరు నెలల్లోపు మిషన్ పెట్టడం. మొదటిది చెవిలో చిన్న గొట్టం పెట్టి రెండు నిమిషాల్లో చేసేస్తారు. అందులో తేడా వస్తే బేరా పరీక్షకు పంపుతారు, శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో బిడ్డను నిద్రపుచ్చి చూసేది అది. తలుపు కొడితే తిరిగి చూస్తోంది, పళ్ళెం మోగిస్తే ఉలిక్కిపడుతోంది అని ఇంట్లో మనం చేసే పరీక్షల్ని నమ్మకండి. గాలి అదిరినా పిల్లలు తిరుగుతారు.

ఇక కామెర్లు. పుట్టిన మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ళ దాకా పచ్చబడినా అది ఎండలో పెడితే పోయే రకం కాదు. నీలం లైటు కింద పెట్టాలి, ఒక్కోసారి రక్తం మార్చాలి. ఆలస్యమైతే ఆ పసుపు మెదడుకెక్కి వినికిడినీ, కాళ్ళూ చేతుల కదలికనూ పట్టేస్తుంది. ఇది జరిగిన పిల్లల్ని థెరపీ సెంటర్లలో నేను చూశాను. తల్లులు అందరూ ఒకటే చెబుతారు, "పొద్దున్నే ఎండ చూపించమన్నారు, చూపించాం" అని.

పాదాలు లోపలికి మెలి తిరిగి పుట్టిన పిల్లల విషయంలో ఎంపిక సులువు, అయినా జనం తికమక పడతారు. "ఏడాది నిండాక ఆపరేషన్ చేయిద్దాం" అనేది పాత మాట. ఇప్పుడు పుట్టిన వారం పది రోజుల నుంచే వారానికో సిమెంటు కట్టు మారుస్తూ పాదాన్ని మెల్లగా తిప్పుతారు. అమెరికాలోని అయోవాలో పాన్‌సెటి అనే డాక్టరు స్థిరపరచిన పద్ధతి, ఆయన పేరుతోనే పిలుస్తారు. సాధారణంగా ఐదు నుంచి ఏడు కట్లు పడతాయి, చివర్లో మడమ వెనక ఉండే స్నాయువుకు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) చిన్న గాటు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మధ్యలో కడ్డీ ఉన్న బూట్లు మూడు నెలల పాటు రోజుకు 23 గంటలు, తర్వాత నాలుగేళ్ళ దాకా నిద్రపోయేటప్పుడు వేయాలి. పాదం బాగుపడింది కదా అని బూట్లు తీసేస్తే మళ్ళీ వంకర తిరుగుతుంది. కాబట్టి ఎంత పెద్ద సర్జన్ అని కాకుండా, బూట్లు కొత్త సైజుకు ఎక్కడ మారుస్తారు, ప్రతి నెలా వెళ్ళి రాగలమా అని చూసి ఆసుపత్రిని ఎంచుకోండి. కట్లు వేయడం చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే జరుగుతోంది.

గ్రహణం మొర్రి గురించి రెండు మాటలు. పేరే తప్పుదారి పట్టిస్తుంది. గ్రహణం పూట కడుపుతో ఉన్న తల్లి కూరగాయలు తరగడానికీ దీనికీ సంబంధం లేదు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి ఏడాది అటూ ఇటూ ఆపరేషన్ చేస్తారు. అంతకంటే ముందు పాలు పట్టే పద్ధతి నేర్చుకోవాలి. బరువు పెరగకపోతే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

"ఎందుకిలా అయింది?" అన్న ప్రశ్నకు ఎంత ఖర్చు పెట్టాలి

మా పెద్దనాన్నగారి అబ్బాయికి పోలియో. ఆ తరంలో ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు అలా ఉండేవాళ్ళు, కారణం అందరికీ తెలిసిందే. మన దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరి 13న బెంగాల్లో నమోదైంది, 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. ఒంటి మీద దద్దుర్లు తెచ్చే రుబెల్లా వైరస్ కూడా అంతే. గర్భిణికి అది సోకితే బిడ్డకు వినికిడి, గుండె, కళ్ళు మూడూ దెబ్బతినొచ్చు. 2017లో మన రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలందరికీ మీజిల్స్, రుబెల్లా టీకా వేశారు. ఆ కారణాలు తగ్గుతుంటే ఇంకో రకం కనిపిస్తోంది. ఒకప్పుడు ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతికేది కాదు. ఇప్పుడు బతుకుతోంది, వాళ్ళలో కొందరికి సీపీ వస్తోంది. మావాడూ అలాంటివాడే.

"పుట్టగానే ఏడవలేదు, ఉమ్మనీరు తాగేశాడు." సీపీ పిల్లల తల్లుల్లో సగం మంది కథ ఇలాగే మొదలవుతుంది. నిజమే, కాన్పులో ఊపిరందకపోవడం ఒక కారణం. నెలలు నిండకపోవడం, మెదడులో రక్తస్రావం, తీవ్రమైన కామెర్లు, మెదడు జ్వరం, గర్భంలోనే వచ్చిన ఇన్‌ఫెక్షన్ కూడా కారణాలే. కొందరికి ఏదీ దొరకదు. కాన్పు చేసిన డాక్టరు మీద కోపంతో మా ఆయన ఆరు నెలలు కాగితాలు పోగుచేశాడు. ఆ ఆరు నెలల్లో వాడికి ఒక్క రోజు కూడా థెరపీ చేయించలేదు.

కారణం వెతకడం ఎప్పుడు అవసరం? బిడ్డ వచ్చిన పనులు మర్చిపోతుంటే, అంటే నిలిపిన మెడ వాల్చేస్తుంటే, వచ్చిన మాటలు పోతుంటే వెంటనే వెతకాలి. అది సీపీ కాకపోవచ్చు. సీపీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. ఇంట్లో ఇంకో బిడ్డకు కూడా ఇలాంటిదే ఉంటే వెతకాలి. రెండో కాన్పుకు వెళ్ళాలనుకుంటే, ముఖ్యంగా మేనరికమైతే వెతకాలి. ఈ మూడింటిలో ఏదీ కాకుండా, కాన్పులో ఏం జరిగిందో స్పష్టంగా ఉండి, ఎంఆర్‌ఐ దానికి తగ్గట్టే ఉంటే, వేలు పోసి జన్యు పరీక్ష చేయించే బదులు ఆ డబ్బు రెండేళ్ళ థెరపీకి ఉంచుకోమని నా సలహా. ఎంఆర్‌ఐ మాత్రం ఒకటి ఉండాలి. ఒక్కటి చాలు. మావాడికి ఇద్దరు డాక్టర్లు రెండుసార్లు తీయించారు, రెండోదాంట్లో కొత్తగా తేలిందేమీ లేదు.

మేనరికం మాట వచ్చింది కాబట్టి చెబుతాను, ఇది అత్తమామల ముందు మాట్లాడటం కష్టం. బావామరదళ్ళకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి, మేనమామా మేనకోడళ్ళకు నాలుగో వంతు. ఏ పెళ్ళిలోనైనా వందకు రెండు మూడు కాన్పుల్లో ఏదో ఒక పెద్ద లోపం ఉండే అవకాశముంది. బావామరదళ్ళ పెళ్ళిలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే వందలో తొంభై నాలుగు మంది బాగానే పుడతారు. "మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే, ఎవరికీ ఏం కాలేదు" అనేవాళ్ళదీ అబద్ధం కాదు. కానీ ఒక బిడ్డకు వంశపారంపర్య జబ్బు అని పేరుతో సహా తేలితే, తర్వాతి కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోవాలి. అక్కడ పరీక్ష ఖర్చుకు వెనకాడొద్దు.

కాళ్ళు వంకరపోయిన పిల్లల దగ్గర కారణం తెలుసుకోవడమే సగం వైద్యం. విటమిన్ డి లేక ఎముక మెత్తబడినా కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయి, నల్లగొండ మర్రిగూడ వైపు చూసినట్టు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్లా మోకాళ్ళు వంకరపోతాయి. రక్తపరీక్ష చేయకుండా, తాగే నీరు అడగకుండా నేరుగా ఆపరేషన్ తేదీ ఇచ్చే చోట ఆగి ఆలోచించండి. కారణం అలాగే ఉంటే సరిచేసిన కాలు మళ్ళీ వంగుతుంది.

థెరపీ ఎక్కడ: అసలు తేల్చుకోవాల్సింది ఇది

సీపీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, ఎదుగుదలలో ఆలస్యం, వీటన్నిటికీ మందుల కంటే థెరపీయే ఎక్కువ. అందుకే మోసాలూ, మొహమాటాలూ ఇక్కడే ఎక్కువ.

ముందు జిల్లా ఆసుపత్రిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రం. డీఈఐసీ అంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి వచ్చాయి. ఆ పథకం బండిలో డాక్టర్లు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి వచ్చి పిల్లల్ని చూసి, అనుమానం ఉన్నవాళ్ళను ఇక్కడికి పంపాలి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాటలు నేర్పేవాళ్ళు, వినికిడి పరీక్ష, సైకాలజిస్టు, అన్నీ ఒకే కప్పు కింద, ఉచితంగా. ఇది కాగితం మీద ఉన్న బొమ్మ. నిజంగా వెళితే ఏదో ఒక పోస్టు ఖాళీగా ఉంటుంది, పిల్లలు ఎక్కువ, మన వంతుకు ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. అయినా నేను మొదటి మెట్టు ఇదే అంటాను. ఫిట్స్ ఉంటే, చెవి చూపించాల్సి వస్తే, ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద ఏదైనా ఆపరేషన్ కావాలంటే, తర్వాత సదరం, అంటే వైకల్య సర్టిఫికెట్ కావాలంటే దారులన్నీ ఇక్కడి నుంచే తేలిగ్గా తెరుచుకుంటాయి.

ప్రైవేటు థెరపీ సెంటర్లో సమయం దొరుకుతుంది. మా దగ్గర నలభై అయిదు నిమిషాలకు 500 తీసుకునేవారు, హైదరాబాద్‌లో దానికి రెట్టింపు ఇచ్చాం. అక్కడ మూడు విషయాలు అడగండి. మాటల థెరపిస్టు అయినా, స్పెషల్ టీచర్ అయినా, క్లినికల్ సైకాలజిస్టు అయినా భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఫిజియోథెరపిస్టుకు ఆ మండలితో పనిలేదు, డిగ్రీ చూడాలి. రెండోది, నన్ను లోపలికి రానిస్తారా? తలుపేసి "మీరు బయట కూర్చోండి, మీరుంటే వాడు మారాం చేస్తాడు" అనే చోటికి మేం ఎనిమిది నెలలు వెళ్ళాం. లోపల ఏం చేస్తున్నారో ఎనిమిది నెలల తర్వాత కూడా నాకు తెలియదు. మూడోది, వచ్చే మూడు నెలల్లో వాడికి ఏం వస్తుందని అనుకుంటున్నారు? "ఇంప్రూవ్‌మెంట్ ఉంటుంది" అనేది జవాబు కాదు. "గోడకు ఆనుకుని రెండు నిమిషాలు కూర్చుంటాడు", "కుడి చేత్తో గ్లాసు పట్టుకుంటాడు", ఇది జవాబు. ఏడాది డబ్బు ముందే కట్టించుకుని డిస్కౌంట్ ఇస్తామన్నచోట మాత్రం లేచి వచ్చేయండి.

పెద్ద సంస్థ సంగతి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్య జాతీయ సంస్థ ఉంది, 1984 నుంచి నడుస్తోంది. వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రమూ సికింద్రాబాద్‌లోనే. 2021లో కేంద్రం ప్రారంభించిన అన్ని రకాల వైకల్యాల సత్వర చికిత్సా కేంద్రాల్లో ఒకటి ఇక్కడ, ఒకటి నెల్లూరులో ఉన్నాయి. వీటికి ఒకటి రెండు రోజులు కేటాయించుకుని వెళితే బిడ్డను నలుగురైదుగురు కలిసి చూస్తారు, ఇంట్లో ఏం చేయాలో రాసిస్తారు. ఆరు నెలలకోసారి వెళ్ళి ఆ కాగితాన్ని మార్పించుకురావడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ దీనికోసం ఊరు వదిలి హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండాలా? మేం ఉన్నాం, పద్నాలుగు నెలలు. మా ఆయన ఇక్కడ, నేను అక్కడ. వాడికి థెరపీ దొరికింది కానీ తాతా, అమ్మమ్మా, పక్కింటి పిల్లలూ పోయారు. తిరిగొచ్చాక పక్కింటి పాప బంతి విసిరితే, అన్ని నెలల థెరపీలో ఎత్తని చెయ్యి ఎత్తాడు.

మండలానికో భవిత కేంద్రం ఉందని చాలామందికి తెలియదు. బడి వయసు పిల్లల కోసం విద్యాశాఖ నడుపుతుంది, ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపిస్టు కొన్ని రోజులు వస్తారు. కదలలేని పిల్లల ఇంటికే టీచర్ వస్తారు. ఎక్కువగా ఆశించకండి, అలాగని వదులుకోకండి. మా భవిత టీచర్ నేర్పిన ఒక్క చిట్కా, చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేయడం, మాకు ఏ క్లినిక్కూ చెప్పలేదు.

ఇల్లు. రోజుకు 24 గంటలుంటే థెరపీ ముప్పావు గంట. మిగతా సమయమంతా వాడు ఎలా కూర్చున్నాడు, ఎలా తిన్నాడు, ఎటు తిరిగి పడుకున్నాడు అన్నదే వాడి ఒళ్ళు నేర్చుకునేది. మా వడ్రంగి బాబాయి రెండు గోడల మూలలాంటి కుర్చీ చేసిచ్చాడు, ముందు చిన్న బల్లతో. చెక్కకు 900 అయింది. క్లినిక్‌లో అలాంటిదే 14,000 చెప్పారు. కాళ్ళు చేతులు లాగి సాగదీస్తూ బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే "నొప్పి ఉంటేనే లాభం" అనేవాళ్ళున్నారు. మనం లాగితే వచ్చేదానికంటే, వాడు తనంతట తాను చేయాలనుకుని చేసే పనిలో ఎక్కువ వస్తుంది. పని చిన్నదైనా సరే, బిస్కెట్ అందుకోవడమైనా సరే.

కాబట్టి ఈ ఐదింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను ఎంచుకోను. జిల్లా కేంద్రంలో పేరు నమోదు, దగ్గర్లోని ఒక థెరపిస్టు వారానికి రెండు రోజులు, పెద్ద సంస్థ ఆరు నెలలకోసారి, మిగతాదంతా ఇల్లు. దగ్గర్లో ఉన్నవాళ్ళు కాస్త తక్కువ చదువుకున్నా మీ చేతికి పని నేర్పితే వాళ్ళనే పట్టుకోండి. రానూపోనూ ఆరు గంటల బస్సు ప్రయాణం చేసే సీపీ బిడ్డకు ఆ రోజు ఇంకేమీ చేసే ఓపిక ఉండదు.

ఒక్క విషయం అందరూ మర్చిపోతారు. నడవలేని పిల్లలకు తుంటి కీలు నొప్పి తెలియకుండానే మెల్లగా పక్కకు జరుగుతుంది. ఏడాదికోసారైనా తుంటి ఎక్స్‌రే అడిగి తీయించుకోండి. ఫిట్స్ మందు కూడా డాక్టరు చెప్పకుండా ఆపొద్దు, "మత్తుగా ఉంటున్నాడు" అని మా అత్తగారు ఒకసారి రెండు రోజులు ఆపి చూశారు. మూడో రోజు ఐసీయూలో ఉన్నాం.

మిషనా, ఇంప్లాంటా

వినికిడి లోపం తేలిన తల్లిదండ్రులు మొదటి రోజే ఆపరేషన్ అడుగుతారు. పద్ధతి అది కాదు. ముందు రెండు చెవులకూ వినికిడి మిషన్ పెట్టి, కొన్ని నెలలు వాడించి, లాభం చూస్తారు. లోపం ఓ మాదిరిగా ఉంటే మిషన్‌తోనే మాటలొస్తాయి. చాలా తీవ్రంగా ఉండి మిషన్ పనిచేయకపోతే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం. రెండేళ్ళలోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఐదేళ్ళు దాటాక పుట్టుచెవిటి పిల్లలకు మాటలు రావడం కష్టం. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీలోనూ, వైకల్యం ఉన్నవాళ్ళకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలోనూ సాయముంది. కానీ ఆపరేషన్ తర్వాత ఏడాదికి పైగా వారం వారం మాటల థెరపీ ఉంటుంది, తల్లి పక్కన కూర్చోవాల్సిందే. వారంటీ అయ్యాక బయటి మిషన్‌కు వైర్లు, బ్యాటరీలు, ఖరీదైన విడిభాగాలు మనమే కొనాలి. ఆ ఖర్చు భరించలేక మిషన్ బీరువాలో పెట్టేసిన ఇళ్ళు నేను చూశాను. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు "ఆపరేషన్ ఎన్ని చేశారు" కంటే "థెరపీ మా ఊరికి ఎంత దగ్గర" అని అడగండి.

స్టెమ్ సెల్స్, ఆకు పసరు, నూనె మర్దన

నూనె మర్దన మంచిదే, బిడ్డకు హాయి, తల్లికీ హాయి. జబ్బు నయం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆకు పసరు కడుపులోకి పోసేది మాత్రం వద్దే వద్దు. సరిగా మింగలేని పిల్లలకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలను ఒంట్లోకి ఎక్కించడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక నగరంలో ఒక క్లినిక్ మాకు మూడు లక్షలకు ప్యాకేజీ చెప్పింది. నడుస్తున్న పిల్లల వీడియోలు చూపించారు. మా నాన్న పొలం తాకట్టు పెడతానన్నాడు. మా పిల్లల డాక్టరే ఆపారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్‌ను వైద్యంగా అమ్మకూడదు. సీపీకైనా, ఆటిజానికైనా అది ఇంకా పరిశోధనే. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు: డబ్బు అడిగారంటే అది పరిశోధన కాదు.

బొటాక్స్ ఇంజెక్షన్ దీనికి భిన్నం. బిగుసుకుపోయిన కండరాన్ని మూడు నాలుగు నెలలు వదులు చేస్తుంది, ఇది నిజమైన వైద్యమే. ఆ నెలల్లో థెరపీ, కాలికి స్ప్లింట్ (కాలిని సరైన తీరులో నిలిపే ఊత) లేకపోతే ఇంజెక్షన్ డబ్బు వృథా.

బడి, కాగితాలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గర్లోని బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది, ఎంపిక మనదే. బుద్ధి బాగా ఉండి కాళ్ళు లేని బిడ్డను ప్రత్యేక బడిలో వేయడం అన్యాయం. తినడం, బాత్‌రూమ్‌కు వెళ్ళడం కూడా ఇంకా నేర్చుకోవాల్సిన బిడ్డను అరవై మంది ఉన్న క్లాసులో చివరి బెంచీకి వదిలేయడమూ అంతే. పేరు మామూలు బడిలో ఉంచి, నేర్పేది భవితలో చూసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, నడుస్తోంది.

సదరం స్లాట్‌ను ఆంధ్రలో సచివాలయంలో తీసుకోవచ్చు, తెలంగాణలో ఇంతకుముందు మీసేవలో ఇచ్చేవారు, 2025 నుంచి కేంద్రం యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. చిన్నపిల్లలకు సాధారణంగా తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి, కొన్నేళ్ళకు మళ్ళీ రమ్మంటారు, దిగులు పడొద్దు. "ఇప్పుడే సర్టిఫికెట్ తీసుకుంటే బిడ్డకు ముద్ర పడిపోతుంది" అని మేం రెండేళ్ళు ఆగాం. ఆ రెండేళ్ళ పింఛను, బస్సు పాసు పోయాయి. సీపీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది. ప్రీమియం తక్కువ, థెరపీ రసీదులకు కూడా కొంత పరిమితి వరకు తిరిగి వస్తుంది. అందుకే రసీదులు పారేయకండి. నా రెండు కిలోల ఫైలు బరువులో సగం అవే.

మావాడికి ఇప్పుడు ఆరేళ్ళు. మంగళ, శుక్రవారాలు థెరపీ, మిగతా రోజులు మా వీధి బడి. మూల కుర్చీ బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి. మెట్ల దగ్గర ర్యాంపు కట్టిస్తామని హెడ్మాస్టారు గారు చెప్పి మూడు నెలలైంది. అది వచ్చేదాకా వాళ్ళ నాన్న ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టి వస్తున్నాడు.